ఫాల్స్ సీలింగ్ పైన ఏముంది, కింద ఏముంది?

ఈ సంచికలో ఆరోగ్య పాఠం బి.పి. గురించి కాదు, షుగరు గురించి కాదు, మనకు ఎప్పుడూ ఉండే ఫ్లోరైడు నీళ్ల గురించి కూడా కాదు. మీరు మంచం మీద వెల్లకిలా పడుకున్నప్పుడు కనబడే పైకప్పు గురించి. పైకప్పుకూ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. చివరి వరకు చదివితే సంబంధం మీకే తెలుస్తుంది.

మన పుల్లలచెరువు చుట్టుపక్కల వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే మార్కాపురం పోతారు, లేకుంటే వినుకొండ, నరసరావుపేట దాటి గుంటూరు పోతారు. అక్కడి పెద్ద ఆసుపత్రుల్లో పైన శ్లాబు కనపడదు. తెల్లటి పలకలు పేర్చిన ఫాల్స్ సీలింగ్ ఉంటుంది. పలకలంటే మన మార్కాపురం పలకలు కావు. ఆ రాయి అయితే నిప్పుకు భయపడనక్కర లేదు గాని, అంత బరువు ఎవరు మోస్తారు? ఇవి జిప్సంతోనో, ఖనిజ పీచుతోనో చేసిన తేలిక పలకలు. సన్నటి ఇనుప పట్టీల చట్రంలో కూర్చోబెడతారు. ఆ చట్రాన్ని శ్లాబు నుంచి తీగలతో వేలాడదీస్తారు.

కొడుకు ఆపరేషనుకు గుంటూరు వెళ్లి వచ్చిన ఒక పెద్దమ్మ మొన్న నన్ను అడిగింది. "ఏందయ్యా, మా వాడి మంచం పైన కప్పుకు చిన్న పువ్వు మాదిరి ఇత్తడిది ఉంది. దాని నడుమ ఎర్ర చుక్క. రాత్రంతా నన్నే చూస్తన్నట్టు ఉండాది. కెమెరానా అది?" కెమెరా కాదమ్మా అని చెప్పాను. ఆ ఎర్ర చుక్క నిప్పును చూసేది. దాని పేరు స్ప్రింక్లర్. ఆమెకు చెప్పిన సంగతులే, ఇంకొంచెం వివరంగా, ఇక్కడ రాస్తున్నాను. ఆసుపత్రి మోటార్లు, పైపులు, కరెంటు చూసుకోవడంలో నా జీవితం గడిచింది గనుక ఈ పాఠం డాక్టరు గారికి బదులు నన్ను రాయమన్నారు.

ఎర్ర చుక్క చేసే పని

నీళ్లతో నిండిన పైపు కప్పు పొడవునా ఉంటుంది. దాని నుంచి కొంత కొంత దూరంలో ఒక్కో మూతి కిందికి వస్తుంది. ఆ మూతికి బిరడా ఉంటుంది. బిరడా ఊడిపోకుండా ఒక చిన్న గాజు గొట్టం అడ్డం నిలబడి ఉంటుంది. గాజు గొట్టంలో రంగు ద్రవం, ఒక చిన్న గాలి బుడగ ఉంటాయి. వేడి తగిలితే ద్రవం ఉబ్బుతుంది, బుడగ మాయమవుతుంది, ఇంకా ఉబ్బడానికి చోటు లేక గాజు పగులుతుంది. బిరడా ఊడి నీళ్లు బయటికి దూకుతాయి. కింద ఉన్న పువ్వు లాంటి రేకుకు తగిలి గొడుగు మాదిరి చిమ్ముతాయి. కరెంటు అక్కర లేదు, మనిషి మీట నొక్కనక్కర లేదు.

ద్రవం రంగును బట్టి ఎంత వేడికి పగులుతుందో తెలుస్తుంది. నారింజ రంగు 57 డిగ్రీలకు, ఎరుపు 68కి, పసుపు 79కి, ఆకుపచ్చ 93కి, నీలం 141కి. ఆసుపత్రి వార్డుల్లో మీకు ఎక్కువగా కనబడేది ఎరుపు. ఈ డిగ్రీలు గదిలో వేడి కాదు, కప్పు దగ్గర ఆ గాజుకు తగిలే వేడి.

ఒక అపోహ తీసేయాలి. సినిమాల్లో హీరో అగ్గిపుల్ల గీసి ఒక్క స్ప్రింక్లర్ దగ్గర పెట్టగానే భవనమంతా వాన కురుస్తుంది. అసలు స్ప్రింక్లర్లు అలా పని చేయవు. ఏ గాజుకు వేడి తగిలిందో అదొక్కటే తెరుచుకుంటుంది. చిన్న మంటల్లో ఒకటో రెండో తెరుచుకుంటే చాలు. పొగకు తెరుచుకోదు, బీడీ పొగకు అసలే తెరుచుకోదు. అలాగని వార్డులో బీడీ కాల్చమని కాదు! పక్కనే ఆక్సిజన్ ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ ఎంత పని చేస్తుందో సిస్టర్లు మీకు చెప్పే ఉంటారు.

ఇది కొత్త వస్తువు కూడా కాదు. అమెరికాలో హెన్రీ పార్మలీ అనే పియానోల తయారీదారు తన ఫ్యాక్టరీని కాపాడుకోవడానికి 1874లో ఇలాంటి తలకాయలు తయారు చేయించాడు. తరువాత ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దానిని మెరుగుపరచాడు. అంటే మన తాతముత్తాతల కాలం నాటిది.

నేను చేసిన తప్పు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల కిందట ఒక పట్టణంలో, పేరు చెప్పను, ఒక ఆసుపత్రి మెయింటెనెన్సులో పని చేశాను. కొత్త వార్డు కట్టినప్పుడు శ్లాబు కింద వరసగా స్ప్రింక్లర్లు పెట్టారు. బాగానే ఉంది. ఏడాది తరువాత ఏ.సి. పెట్టాలని, దాని గొట్టాలు కనబడకుండా శ్లాబుకు మూడడుగుల కింద ఫాల్స్ సీలింగ్ వేయించారు. సీలింగ్ వేసిన మేస్త్రీకి స్ప్రింక్లర్ల సంగతి తెలియదు. స్ప్రింక్లర్లు పెట్టిన వాళ్లకు సీలింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. రెండింటి సంగతీ తెలిసిన వాణ్ణి నేను ఒక్కణ్ణే, నాకు తట్టలేదు. వార్డు అందంగా తెల్లగా కనబడితే అందరితో పాటు నేనూ మురిసిపోయాను. నాలుగేళ్లు నెల నెలా పంపు దగ్గర ప్రెషరు మీటరు చూసి, రిజిస్టరులో "సరిగా ఉన్నవి" అని సంతకం పెట్టాను.

ఒక రోజు ఏ.సి. నీళ్లు కారి ఒక పలక మీద మరక పడింది. నిచ్చెన వేసుకుని ఆ పలక ఎత్తి టార్చి వేసి చూస్తే, పైన చీకట్లో స్ప్రింక్లర్లన్నీ దుమ్ము పట్టి వరసగా నిలబడి ఉన్నాయి. కింద నలభై మంది రోగులు. వాళ్ల తలల పైన ఉన్నది ఒట్టి పలకలు. నిచ్చెన దిగడానికి నా కాళ్లు వణికాయి.

అందులో ప్రమాదం ఏమిటంటే, మంట పుడితే వేడి గాలి పైకి లేచి మొదట అడ్డం తగిలిన కప్పుకు గుద్దుకుని, ఆ కప్పు వెంట నలుదిక్కులా పరుచుకుంటుంది. పొయ్యి మీద పెనం పెడితే మంట అంచుల దాకా పాకినట్టు. ఆ పరుచుకున్న వేడి పొర పలచగా ఉంటుంది. స్ప్రింక్లర్ గాజు ఆ పొరలోనే ఉండాలి. మా వార్డులో మొదట అడ్డం తగిలే కప్పు ఫాల్స్ సీలింగ్. వేడంతా దాని కిందే ఆగుతుంది. పైన శ్లాబు దగ్గర ఉన్న గాజుకు సంగతే తెలియదు. పలకలు ఊడి పడి, చట్రం వంగిపోయి, మంట పైకి పోయిన తరువాత గాని అది పగలదు. అప్పుడు పగిలినా నీళ్లు మిగిలిన పలకల వీపు మీద పడతాయి. అప్పటికి కింద రోగి పరిస్థితి ఏమిటి?

ఆ వారమే పని మొదలు పెట్టించారు. పై పైపు నుంచి చిన్న పైపులు దించి, పలకలకు రంధ్రాలు చేసి, కొత్త తలకాయలు సీలింగ్ కింద నిలబెట్టారు. పైన ఉన్న పాతవాటిని తీసేయలేదు. ఎందుకో కింద చెబుతాను.

ఎక్కడ, ఎంత దూరంలో

కిందికి దించిన తలకాయ సీలింగుకు మరీ అతుక్కుపోకూడదు, మరీ వేలాడకూడదు. దాని రకాన్ని బట్టి నీళ్లు చిమ్మే రేకు కప్పుకు అంగుళం నుంచి అడుగు లోపు ఉండాలి. అడుగు దాటి కిందికి వస్తే వేడి పొర దాని నెత్తి మీదుగా పోతుంది, గాజు పగలడం ఆలస్యమవుతుంది. అగ్ని ప్రమాదంలో నిమిషం ఆలస్యం చాలా ఎక్కువ.

వార్డుల్లాంటి తక్కువ ప్రమాదపు గదుల్లో ఒక తలకాయ సుమారు 21 చదరపు మీటర్లు, అంటే 225 చదరపు అడుగులు చూసుకుంటుంది. రెండు తలకాయల మధ్య 15 అడుగులు దాటకూడదు. గోడకు అందులో సగం, ఏడున్నర అడుగులు దాటకూడదు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న వార్డు తీసుకోండి. మొత్తం 600 చదరపు అడుగులు. 225తో భాగిస్తే మూడు చాలనిపిస్తుంది. కాని గీసి చూడండి. పొడవున రెండు కావాలి. 20 అడుగుల వెడల్పున ఒక్కటి నడుమ పెడితే గోడ 10 అడుగుల దూరం అవుతుంది, కుదరదు. అక్కడా రెండు కావాలి. రెండు రెండ్లు నాలుగు. భాగహారం చెప్పినది మూడు, గది అడిగినది నాలుగు. కంట్రాక్టరు మూడే పెట్టి లెక్క చూపిస్తే ఈ మాట అడగండి.

మరీ దగ్గర కూడా పనికి రాదు. ఆరడుగుల కంటే దగ్గరగా పెడితే మొదట తెరుచుకున్న దాని నీళ్లు రెండో దాని గాజును తడిపి చల్లబరుస్తాయి. అది పగలాల్సినప్పుడు పగలదు. ఏ.సి. చల్లగాలి నేరుగా కొట్టే చోట పెట్టినా ఇదే ఇబ్బంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటి. వార్డు ఒకటిగా ఉన్నప్పుడు స్ప్రింక్లర్లు సరిగానే ఉంటాయి. తరువాత ఎవరో అల్యూమినియం పార్టిషన్ వేసి డాక్టరు గది, మందుల గది విడదీస్తారు. చూసుకుంటే ఒక గదికి రెండు తలకాయలు వస్తాయి, ఇంకో గదికి ఒక్కటీ ఉండదు. గోడ మారితే స్ప్రింక్లర్ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

ఇక పైపులను శ్లాబుకే బిగించాలి. సీలింగ్ చట్రం పలకల బరువుకు చేసినది. నీళ్లు నిండిన ఇనుప పైపు దాని మీద ఆనిస్తే ఏదో ఒక రోజు రెండూ కలిసి రోగి మీద పడతాయి. తలకాయ సరిగ్గా పలక నడుమ ఉండాలని కొందరు ఇంజినీర్లు పట్టు పడతారు. అది అందం కోసమే. మంటకు పలక నడుమ ఏదో అంచు ఏదో తెలియదు.

రెండు కప్పుల నడుమ చీకటి

పాత తలకాయలు పైన ఎందుకు ఉంచామో చెబుతానన్నాను. శ్లాబుకూ ఫాల్స్ సీలింగుకూ నడుమ ఉన్న చోటు ఖాళీ అనుకుంటాం. ఒకసారి పలక ఎత్తి చూడండి. కరెంటు తీగలు, వాటి జాయింట్లు, ఫోను తీగలు, ఏ.సి. గొట్టాలు, వాటికి చుట్టిన మెత్తటి తొడుగులు, ఏళ్ల నాటి దుమ్ము, మేస్త్రీలు వదిలేసిన చెక్కముక్కలు, అట్టపెట్టెలు. ఎలుకలు కొరికిన తీగ ఒకటి ఎక్కడో ఉండనే ఉంటుంది. అక్కడ నిప్పు పుడితే కింద ఉన్నవారికి కనబడదు. పలకల సందుల్లో నుంచి పొగ దిగే దాకా తెలియదు.

అందుకే మన దేశపు జాతీయ భవన నిర్మాణ నియమావళి ఒక కొలత పెట్టింది. ఫాల్స్ సీలింగ్ పైన ఖాళీ 800 మిల్లీమీటర్లు, అంటే సుమారు రెండు అడుగుల ఎనిమిది అంగుళాలు దాటితే ఆ ఖాళీలో కూడా స్ప్రింక్లర్లు ఉండాలి. మా వార్డులో ఖాళీ మూడడుగులు. గనుక పైన ఒక వరస, కింద ఒక వరస, రెండూ కావలసి వచ్చాయి. ఖాళీ అంతకంటే తక్కువైనా, లోపల కాలే సామాను ఉంటే నా అభిప్రాయంలో అక్కడ కూడా పెట్టించడమే మంచిది. కొలత తక్కువ కదా అని దాన్ని గోదాము చేయకూడదు.

మన ప్రాంతానికి మరో సంగతి ఉంది, దీన్ని పట్నం ఇంజినీర్లు కొన్నిసార్లు మరిచిపోతారు. శ్లాబు కాకుండా పైన రేకులున్న భవనంలో, ఏప్రిల్, మే నెలల్లో రేకుకూ సీలింగుకూ మధ్య వేడి మామూలు గది వేడి కాదు. ఎరుపు గాజు కప్పు దగ్గర 38 డిగ్రీల లోపు ఉండే చోటుకు ఉద్దేశించినది. మన ఎండల్లో రేకు కింద దానికి మించిన వేడి రోజూ ఉంటుంది. అక్కడ పసుపో ఆకుపచ్చో, అంటే 79 లేక 93 డిగ్రీల గాజు పెట్టాలి. కింద గదిలో ఎరుపు, పైన రేకు కింద ఆకుపచ్చ. ఒకే భవనంలో రెండు రంగులు కనబడితే కంట్రాక్టరు తప్పు చేశాడనుకోకండి, తెలిసి చేశాడని అనుకోండి.

ఆ చీకటి ఖాళీ వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది, నాకు దానంటేనే ఎక్కువ భయం. చాలా చోట్ల గదుల మధ్య గోడలు ఫాల్స్ సీలింగ్ దాకా కట్టి ఆపేస్తారు. శ్లాబు దాకా పోవు. కింద నుంచి చూస్తే నాలుగు గదులు. పైన పలకల మీద చూస్తే అంతా ఒకటే గది. మందుల గదిలో పుట్టిన పొగ గోడ మీదుగా దాటి బాలింతల వార్డులో దిగుతుంది, తలుపులన్నీ మూసి ఉన్నా సరే. గోడ శ్లాబును తాకాలి. పైపుల కోసం, తీగల కోసం చేసిన రంధ్రాలను మళ్లీ పూడ్చాలి. చవకైన పనే గాని ఎవరికీ కనబడదు కాబట్టి ఎవరూ చేయరు.

ఆసుపత్రులు నేర్చుకున్న పాఠాలు

1949 ఏప్రిల్ 4 రాత్రి అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎఫింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో సెయింట్ ఆంథొనీ ఆసుపత్రి కాలిపోయింది. అది కాథలిక్ సిస్టర్లు నడిపే ఆసుపత్రి. 70 మందికి పైగా చనిపోయారు. వారిలో పసిపిల్లలున్నారు, వారిని విడిచి రానన్న నర్సు ఉంది. గోడలు ఇటుకవే. కాని కప్పుకు అంటించిన పలకలు కాలే పీచుతో చేసినవి. మెట్లదారికి తలుపులు లేవు. స్ప్రింక్లర్లు లేవు. మంట కప్పు పలకల వెంట పరుగెత్తింది. ఆ తరువాతే ఆ దేశంలో ఆసుపత్రుల అగ్ని నియమాలు గట్టిపడ్డాయి. అయినా 1961 డిసెంబరు 8న కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రిలో చెత్త వేసే గొట్టంలో పుట్టిన మంట పై అంతస్తు వరండాలోకి వచ్చి, కాలే సీలింగ్ పలకలు పట్టుకుని 16 మందిని బలి తీసుకుంది.

మన దేశంలో 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కలకత్తాలోని ఆమ్రి ఆసుపత్రిలో సెల్లారులో మంట పుట్టింది. పై అంతస్తుల్లో ఉన్న సుమారు 90 మంది చనిపోయారు. చాలామందికి మంట తగలనే లేదు, పొగ ఊపిరాడనీయలేదు. కేరళ నుంచి వచ్చిన ఇద్దరు యువ నర్సులు ఎనిమిది మంది రోగులను బయటికి చేర్చి, తొమ్మిదో వారి కోసం వెళ్లి తిరిగి రాలేదు. మనకు ఇంకా దగ్గరలో, 2020 ఆగస్టు 9న విజయవాడలో కరోనా రోగుల కోసం వాడుతున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంట లేచి సుమారు పది మంది పోయారు. ఊపిరితిత్తులు ముందే పాడైన మనిషికి పొగ ఎంత చేటో చెప్పనక్కర లేదు. అక్కడ పైకప్పు ఎలా ఉందో నేను చెప్పబోవడం లేదు. హోటలుగా కట్టిన ఇల్లు ఆసుపత్రిగా మారితే పైకప్పు దగ్గర నుంచి అంతా మళ్లీ చూసుకోవాలన్నదే నా మాట. మామూలు మనిషి లేచి పరుగెత్తుతాడు. ఆపరేషనయి సెలైను ఎక్కుతున్న మనిషి పరుగెత్తలేడు. అందుకే ఆసుపత్రికి స్ప్రింక్లర్ హోటలు కన్నా ఎక్కువ అవసరం.

నీళ్లుంటేనే

తెరుచుకున్న ఒక్కో తలకాయ నిమిషానికి సుమారు 60 లీటర్లు, అంతకు పైన కూడా పోస్తుంది. మన లెక్కలో నిమిషానికి నాలుగు బిందెలు. పది నిమిషాలకు నలభై బిందెలు. వేసవిలో ట్యాంకరు కోసం వరస నిలబడే మన ఊళ్లలో ఈ నీళ్లు ఎక్కడివి?

ట్యాంకులో మంటల కోసం కొంత నీరు విడిగా ఉంచాలి. "ముట్టుకోవద్దు" అని బోర్డు రాస్తే సరిపోదు. మే నెలలో నీళ్లు లేక వార్డు కడగడం ఆగిపోతే ఆ బోర్డును ఎవరూ లెక్క చేయరు. నేనూ లెక్క చేయలేదు, ఒకసారి. దీనికి ఉపాయం ఉంది. రోజూ వాడుకునే పైపును ట్యాంకు అడుగున కాకుండా కొంత ఎత్తున బిగించాలి. స్ప్రింక్లర్ పైపును అడుగున బిగించాలి. వాడకం నీళ్లు ఆ ఎత్తు దాకా దిగి ఆగిపోతాయి. కింద మిగిలినవి మంటకే. ఎవరి మంచితనం మీదా ఆధారపడకుండా పని జరుగుతుంది. ఇంకా, పైపు దారిలో ఉన్న వాల్వు తెరిచి ఉండాలి. ఎప్పుడో లీకు బాగు చేయడానికి మూసి మరిచిపోతే పైన తలకాయలన్నీ అలంకారమే. ఆ వాల్వుకు తెరిచిన స్థితిలో గొలుసు, తాళం వేయిస్తారు.

రోగుల బంధువులు చేయగలిగినవి

ఇవన్నీ ఇంజినీర్ల పని గదా, మాకెందుకు అనకండి. మీరు చూడగలిగినవి, చేయగలిగినవి ఉన్నాయి.

పలక ఊడిపోయిన చోటు కనబడితే సిస్టరుకు చెప్పండి. ఇది చిన్న సంగతిగా తోస్తుంది. కాని ఆ రంధ్రంలో నుంచి వేడి పైకి జారిపోతుంది. కింద స్ప్రింక్లర్ దగ్గర వేడి పొర నిలవదు, గాజు ఆలస్యంగా పగులుతుంది. ఏ.సి. బాగు చేయడానికి పలక తీసి, గోడకు ఆనించి, వారాల తరబడి అలాగే వదిలేయడం నేను లెక్కలేనన్ని చోట్ల చూశాను.

స్ప్రింక్లరుకు గాని దాని పైపుకు గాని ఏమీ కట్టకండి. తడి తువ్వాలు, సెలైను సీసా, చంటిబిడ్డ ఉయ్యాల, అన్నీ చూశాను. ఉయ్యాల కట్టిన తల్లి మీద కోపం రాలేదు, బిడ్డ నిద్రపోవాలి కదా. కాని ఆ గాజు పగిలితే బిడ్డ మీద పడేది అదే నాలుగు బిందెల నీళ్లు.

సామాన్లు, అట్టపెట్టెలు కప్పు దాకా పేర్చవద్దు. తలకాయకు కింద కనీసం అడుగున్నర ఖాళీ ఉంటేనే గొడుగు విచ్చుకుంటుంది. మందుల స్టోరులోనే ఈ తప్పు ఎక్కువ. మంచాల మధ్య తెరలు కప్పు దాకా నిండుగా ఉంటే నీళ్లు పక్క మంచానికి చేరవు. అందుకే మంచి ఆసుపత్రుల్లో తెర పైభాగం అడుగున్నర మేర వల లాగా ఉంటుంది.

సున్నం వేసేటప్పుడు, రంగు వేసేటప్పుడు స్ప్రింక్లరు మీద రంగు పడకూడదు. పడితే తుడిచి సరిపెట్టరాదు, తలకాయ మార్చాల్సిందే. కొన్ని చోట్ల తలకాయ కనబడకుండా గుండ్రటి తెల్ల మూత ఉంటుంది. వేడికి మూత ముందు ఊడి పడాలి. పెయింటరు దాని అంచుల వెంట రంగు పూస్తే మూత సీలింగుకు అతుక్కుపోతుంది. పండుగ ముందు రంగులు వేయించే సంఘాలు ఇది గుర్తుంచుకోవాలి.

పొగ వస్తే వంగి నడవండి, నేలకు దగ్గరగా గాలి కొంత మేలు. తడిగుడ్డ మూతికి కట్టుకుంటే మసి కొంత ఆగుతుంది గాని కార్బన్ మోనాక్సైడ్ ఆగదు, దానికి వాసన కూడా లేదు. గుడ్డ కట్టుకున్నాం కదా అని పొగలో ఆగవద్దు. లిఫ్టు ఎక్కవద్దు. లేవలేని రోగిని మెట్ల మీద మోసుకుని పరుగెత్తడం కంటే ముందు అదే అంతస్తులో తలుపు అవతలి వార్డుకు మంచంతో సహా తోసి తలుపు మూయడం మేలు. సిస్టర్లు చెప్పినట్లు చేయండి. ఫోను 101, లేదా 112.

మన హాలు సంగతి

ఈ పాఠం రాయడానికి ఇంకో కారణం ఉంది. ఒక సంఘం వారు ఆరాధన హాలుకు ఫాల్స్ సీలింగ్ వేయించాలనుకున్నారు. రేకుల హాలు. మధ్యాహ్నం కూటానికి ముసలివాళ్లు సొమ్మసిల్లి పడుతున్నారు, కోరిక న్యాయమైనదే. చవకలో వస్తుందని థర్మోకోల్ పలకలు అనుకున్నారు. అయ్యగారు నన్ను పిలిచి, "బ్రదర్, మీరు ఒక మాట చెప్పండి" అన్నారు.

థర్మోకోల్ వద్దంటే వద్దన్నాను. అది వేడికి కరిగి, అంటుకుంటే మండుతూ చుక్కలు చుక్కలుగా కింద కూర్చున్నవారి మీద పడుతుంది. పొగ నల్లగా, చిక్కగా వస్తుంది. 2004 జూలై 16న కుంభకోణంలో బడిలో వంటశాల నిప్పు ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. తలల పైన కాలే కప్పు ఉండకూడదు. అది తాటాకైనా థర్మోకోలైనా ఒకటే.

జిప్సం బోర్డు మంచిది. ఆ రాయిలోనే ఐదో వంతు నీరు కట్టుబడి ఉంటుంది. మంట తగిలితే ముందు ఆ నీరు ఆవిరవ్వాలి, అప్పటి దాకా వెనక వైపు వేడెక్కదు. డబ్బు చాలకపోతే సీలింగ్ మానేసి రేకుల మీద తెల్లటి కూల్ రూఫ్ రంగు వేయించండి, వేడి కొంత తగ్గుతుంది అని కూడా చెప్పాను.

"మరి స్ప్రింక్లర్లు పెట్టాలా అన్నా?" అని ఒక కుర్రవాడు అడిగాడు. నూటయాభై మంది పట్టే, నేల మీద ఉన్న ఆ హాలుకు అవసరం లేదనే నా అభిప్రాయం. లేవగలిగిన వాళ్లు, తెరిచిన తలుపులు ఉంటే రెండు నిమిషాల్లో బయట ఉంటారు. ఆ డబ్బుతో బయటికి తెరుచుకునే రెండో తలుపు పెట్టించమన్నాను. తీగలన్నీ గొట్టాల్లో వేయించమన్నాను. క్రిస్మస్‌కు థర్మోకోల్ నక్షత్రం మీద సీరియల్ బల్బులు చుట్టడం, గడ్డి పాక పక్కన కొవ్వొత్తులు పెట్టడం మానమన్నాను. ఇది కొందరికి నచ్చలేదు. పెద్ద హాలు కట్టేవారికి మాత్రం వేరే సంగతి. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం ప్రకారం, జనం గుమికూడే బడులు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా స్థలాల వంటివి స్థలం 500 చదరపు మీటర్లు గాని ఎత్తు 6 మీటర్లు గాని మించితే కట్టకముందే అగ్నిమాపక శాఖ అనుమతి అడగాలి. ఆ శాఖ వారు వచ్చి ఏం కావాలో చెబుతారు.

ఆ సంఘం వారు చివరికి జిప్సం బోర్డు సగం హాలుకే వేయించారు, మిగిలిన సగం కోత డబ్బులు వచ్చాక అన్నారు. రెండో తలుపు మాత్రం అయిపోయింది.

గుంటూరు వెళ్లిన పెద్దమ్మ చెకప్పుకు మళ్లీ వెళ్లి నిన్న ఫోను చేసింది. "నాయనా, ఈసారి మా వాడి మంచం పైన పలక ఒకటి లేదు. నువ్వు చెప్పావు గదా అని సిస్టరమ్మకు చూపించా. నీకెందుకులే అవ్వా అన్నది ముందు. మళ్లీ అడిగితే సాయంత్రానికి మనిషి వచ్చి పెట్టిపోయినాడు."